ఏ సినిమా ఎక్కడ ఉంది?

విజయనగరంలో ఒక ఇల్లు. పైడితల్లి అమ్మవారి తొలేళ్ళ రాత్రి. తెల్లవారితే సిరిమాను. బొబ్బిలి నుంచి, ఆమదాలవలస నుంచి చుట్టాలు వచ్చారు. భోజనాలయ్యాక పిల్లలంతా చేరి ‘మాయాబజార్’ చూద్దామన్నారు.

“మన దగ్గర ఉందిగా!” అన్నారు నాన్న. బీరువా తెరిచారు. డిస్కు అట్టపెట్టె దొరికింది. లోపల ఉన్నది వేరే సినిమా. “కిందటేడు ఫోనులోనే చూశాంగదా” అంది అమ్మ. చందా కట్టిన ఆ సర్వీసులో ఇప్పుడా సినిమా లేదు. “నేను డబ్బు పెట్టి కొన్నాను. ఏ దుకాణంలో కొన్నానో, ఏ ఫోను నంబరు మీద కొన్నానో గుర్తులేదు” అన్నాడు బాబాయి. గంట గడిచింది. చిన్నపిల్లలు నిద్రపోయారు.

అప్పుడు మామ్మ అడిగింది: “సినిమా పోతే పోయింది గాని, మీ నాన్న పెళ్ళి కేసెట్టు ఏదిరా? అందులో మీ తాత మాట్లాడతారు.”

ఎవరూ జవాబు చెప్పలేదు.

ఈ ఇల్లు మనం ఊహించుకున్నదే. కాని మీలో చాలామంది ఇళ్ళు ఇలాగే ఉంటాయి. సినిమాలు, పాటలు, ఫోటోలు, వీడియోలు ఎన్నో ఉంటాయి. అవసరమైనప్పుడు మాత్రం దొరకవు. ఒక వస్తువు “ఉంది” అనడం వేరు, “దొరుకుతుంది” అనడం వేరు. ఈ రెంటికీ మధ్యనున్న దూరాన్ని తగ్గించే విద్యకు గ్రంథాలయ శాస్త్రం అని పేరు. ఆ శాస్త్రం పుస్తకాల కోసం పుట్టింది. సినిమాలకు కూడా అదే పనికివస్తుంది. ఎలాగో చూద్దాం.

శ్రీకాకుళంలో కథల ఇల్లు

ఇందుకు మంచి ఉదాహరణ కోసం మనం దూరం పోనక్కరలేదు. శ్రీకాకుళం పట్టణంలో ‘కథానిలయం’ ఉంది. ప్రసిద్ధ కథారచయిత కాళీపట్నం రామారావు గారు దానిని స్థాపించారు. అందరూ ఆయనను కారా మాస్టారు అనేవారు. ఆయన 1924లో జన్మించారు, 2021లో మరణించారు. 1995లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పురస్కార ధనంతో, తాను సేకరించిన పుస్తకాలతో ఆయన ఈ గ్రంథాలయానికి పునాది వేశారు. 1997 ఫిబ్రవరి 22న అది ప్రారంభమైంది. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ ఒకచోట చేర్చాలన్నది దాని ఆశయం.

ఈ పనిలో ఉన్న చిక్కును గమనించండి. ఒక కథ మొదట ఒక వారపత్రికలో వస్తుంది. కొన్నేళ్ళకు అదే కథ రచయిత సొంత సంపుటిలో చేరుతుంది. తరువాత వేరెవరో కూర్చిన సంకలనంలోనూ చేరుతుంది. ఒకే పేరుతో ఇద్దరు వేర్వేరు కథలు రాస్తారు. ఒకే రచయిత రెండు మూడు కలంపేర్లు పెట్టుకుంటాడు. అప్పుడు “ఎన్ని కథలున్నాయి?” అన్న ప్రశ్నకే జవాబు చెప్పడం కష్టమవుతుంది.

పత్రికల కట్టలను గదిలో పేర్చినంత మాత్రాన ఈ చిక్కు విడిపోదు. ప్రతి కథకూ ఒక వివరం రాయాలి. దాని పేరేమిటి, రాసినదెవరు, ఏ పత్రికలో ఏ తేదీన వచ్చింది, ఏ సంపుటిలో చేరింది అన్నవి అందులో ఉండాలి. అప్పుడు కథ పేరు తెలిసినవారూ, రచయిత పేరు మాత్రమే తెలిసినవారూ, పత్రిక పేరు మాత్రమే గుర్తున్నవారూ కూడా ఆ కథను చేరగలుగుతారు. కథానిలయం చేసిన పని ఇదే. తరువాత ఆ కథలను స్కాన్ చేసి అంతర్జాలంలో కూడా ఉంచారు.

మన ఇంటి సినిమాల చిక్కు కూడా సరిగ్గా ఇదే. ఒక సినిమా డిస్కులో ఉంటుంది, ఒక చందా సర్వీసులో ఉంటుంది, మరో దుకాణంలో కొన్నదీ ఉంటుంది.

ఊరు కదలలేదు, జిల్లా మారింది

పట్టిక రాయడానికి ముందు ఒక సూత్రం తెలుసుకోవాలి. పార్వతీపురం పట్టణాన్ని తీసుకోండి. 1979 వరకు అది శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం విజయనగరం జిల్లా ఏర్పడగా అందులో చేరింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడగా దానికే ముఖ్యపట్టణమైంది. ఊరు ఒక్క అడుగు కూడా కదలలేదు. చిరునామాలో జిల్లా పేరు మాత్రం రెండుసార్లు మారింది.

సినిమాల సంగతీ అంతే. సినిమా పేరు, దర్శకుడు, విడుదలైన సంవత్సరం ఎప్పటికీ మారవు. అది ఇప్పుడు ఏ సర్వీసులో ఉందన్నది మారుతుంది. ఎందుకంటే ఆ సర్వీసులు సినిమాను ప్రదర్శించే హక్కును నిర్మాతల నుంచి కొంతకాలానికి తీసుకుంటాయి. గడువు తీరితే సినిమా అక్కడినుంచి వెళ్ళిపోతుంది. ఈ నెల నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్నది వచ్చే ఏడు ఆహాలో కనిపించవచ్చు, లేదా ఎక్కడా కనిపించకపోవచ్చు.

కాబట్టి సూత్రం ఇది: మారని వివరాలను సిరాతో రాయండి, మారే వివరాలను పెన్సిలుతో రాయండి. పెన్సిలుతో రాసిన వివరం పక్కన, దానిని చూసిన తేదీ తప్పక వేయండి. “ఫలానా సర్వీసులో ఉంది” అంటే అది సగం సమాచారమే. “2025 జనవరి 10న ఉంది” అంటే పూర్తి సమాచారం.

ఒక పేరు, మూడు సినిమాలు

సినిమా పేరు ఒక్కటీ రాస్తే చాలదా అని మీకు అనుమానం రావచ్చు. ‘దేవదాసు’ అనే పేరు చూడండి. ఆ పేరుతో తెలుగులో 1953లో ఒకటి, 1974లో ఒకటి, 2006లో ఒకటి సినిమాలు వచ్చాయి. మొదటి దాంట్లో అక్కినేని నాగేశ్వరరావు, రెండవ దాంట్లో కృష్ణ, మూడవ దాంట్లో రామ్ నటించారు. అంటే పేరు పక్కన సంవత్సరం రాయకపోతే మనం దేన్ని గురించి చెబుతున్నామో తెలియదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. కె.వి. రెడ్డి గారి ‘మాయాబజార్’ 1957లో నలుపు తెలుపులలో వచ్చింది. 2010లో దానికే రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. ఇవి రెండు సినిమాలా, ఒకటేనా? కృతి ఒక్కటే, రూపాలు రెండు. అదే సినిమా మీ ఇంట్లో డిస్కు మీద ఒకటి, హార్డ్ డిస్కులో ఒకటి ఉంటే అవి ప్రతులు. కృతి, రూపం, ప్రతి అనే ఈ మూడు మెట్లను వేరువేరుగా చూడటం గ్రంథాలయ శాస్త్రంలో ముఖ్యమైన పాఠం.

విజయనగరంలో జీవించిన గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’ నాటకానికీ ఇదే వర్తిస్తుంది. అది 1897లో అచ్చయింది. రచయితే దానిని బాగా పెంచి, మార్చి 1909లో మళ్ళీ అచ్చు వేయించారు. 1955లో సినిమాగా వచ్చింది. “కన్యాశుల్కం మా ఇంట్లో ఉంది” అని మీ స్నేహితుడంటే, “ఏది?” అని అడిగే హక్కు మీకుంది.

కార్డు ఎలా రాయాలి?

ఇప్పుడు ఒక కార్డు తయారుచేద్దాం. పాత నోటు పుస్తకం అట్టను అరచేతి వెడల్పున కత్తిరిస్తే చాలు. పై వరుసలో ఒక నంబరు వేయండి. మొదటి కార్డుకు 1, రెండవ దానికి 2, ఇలా. ఈ నంబరులో భాష, అలమర, సర్వీసు వంటివేవీ ఇరికించకండి. అవి మారితే నంబరూ మార్చవలసి వస్తుంది. నంబరుకున్న పనల్లా ఒక కార్డును మరొక కార్డునుంచి వేరు చేయడమే. డిస్కు మీద, పెట్టె మీద కూడా అదే నంబరు వేయండి. అప్పుడు పెట్టెలోకి వేరే డిస్కు చేరితే వెంటనే తెలుస్తుంది.

సిరాతో రాయవలసినవి: పేరు, సంవత్సరం, భాష, దర్శకుడు, రూపం (నలుపు తెలుపా, రంగులా), నిడివి.

పెన్సిలుతో రాయవలసినవి: ఎక్కడ ఉంది, ఎవరి ఖాతాలో ఉంది, కొన్నదా అద్దెదా, చూసిన తేదీ.

ఒక జాగ్రత్త: ఖాతా ఎవరిదో రాయండి గాని, దాని రహస్య సంకేతపదం కార్డు మీద ఎన్నడూ రాయవద్దు.

మరో చిక్కు అక్షరాలది. తెలుగు సినిమా పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో ఒకచోట ఒకే మాటగా, మరొకచోట రెండు మాటలుగా రాస్తారు. ఒకచోట దీర్ఘానికి ఒక అక్షరం వేస్తారు, మరొకచోట రెండు వేస్తారు. అందువల్ల ఉన్న సినిమా కూడా “లేదు” అన్నట్టు కనిపిస్తుంది. మీ పట్టికలో తెలుగు లిపిలో ఒకే పద్ధతిని పాటించండి. వేరే రూపాలను కార్డు వెనుక రాసి ఉంచండి.

వెదకడంలో లెక్క

మీ దగ్గర వెయ్యి కార్డులున్నాయనుకోండి. అవి ఏ వరుసా లేకుండా ఉంటే, కావలసిన కార్డు కోసం ఒక్కొక్కటే తీసి చూడాలి. అదృష్టం బాగుంటే మొదటిదే దొరుకుతుంది, లేకుంటే వెయ్యవది. సగటున సుమారు 500 కార్డులు తిప్పాలి.

వాటిని అకారాది క్రమంలో పెట్టండి. ఇప్పుడు సరిగ్గా మధ్య కార్డు తీయండి. మీకు కావలసిన పేరు దానికి ముందు వస్తుందా, వెనుక వస్తుందా? ముందు వచ్చేదయితే వెనుక సగాన్ని పూర్తిగా వదిలేయవచ్చు. మిగిలినవి 500. మళ్ళీ వాటి మధ్య కార్డు తీస్తే 250 మిగులుతాయి. ఇలా 125, 62, 31, 15, 7, 3, 1. లెక్కపెట్టండి. ఎక్కువలో ఎక్కువ పది కార్డులు చూస్తే చాలు! పది రెండ్లను ఒకదానితో ఒకటి హెచ్చిస్తే 1024 వస్తుంది గనుక ఇలా జరుగుతుంది.

కార్డులు లక్ష అయితే? పదిహేడు రెండ్లను హెచ్చిస్తే 1,31,072. అందుచేత పదిహేడు కార్డులు చాలు. కార్డులు నూరురెట్లు పెరిగాయి, వెదికే పని మాత్రం ఏడు అడుగులే పెరిగింది. వరుసకున్న బలం ఇది. కంప్యూటరు క్షణంలో వెదకగలగడానికి దాని వేగం ఒక్కటే కాదు, ఇలాంటి వరుస కూడా కారణమే.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు మొదట గణిత ఉపాధ్యాయుడే. 1924లో ఆయన మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడయ్యారు. 1931లో ఐదు గ్రంథాలయ సూత్రాలను ప్రకటించారు. వాటిలో నాలుగవది పాఠకుని కాలాన్ని ఆదా చేయమంటుంది. 500 కార్డులకు బదులు పది కార్డులతో పని ముగించడమంటే ఆ సూత్రాన్ని పాటించడమే.

కొన్నది మనదేనా?

పెన్సిలుతో “కొన్నదా, అద్దెదా” అని రాయమన్నాం. ఇది చాలా ముఖ్యం.

డిస్కు కొంటే ఆ వస్తువు మనది. దుకాణం మూతపడినా మన బీరువాలోనే ఉంటుంది. నెలనెలా చందా కట్టేది అద్దె ఇల్లు వంటిది. చందా ఆగితే తలుపు మూసుకుంటుంది. ఈ రెంటికీ మధ్య మూడవ రకం ఒకటుంది. అంతర్జాలంలో ఒక సినిమాకు ఒకేసారి డబ్బు చెల్లించి “కొంటాం”. చాలాచోట్ల మనకు లభించేది సినిమా కాదు, దానిని చూసే అనుమతి మాత్రమే.

ఇది వట్టి భయం కాదు. 2009 జూలైలో అమెజాన్ సంస్థ జార్జ్ ఆర్వెల్ రాసిన రెండు పుస్తకాల ఎలక్ట్రానిక్ ప్రతులను, కొన్నవారి కిండిల్ యంత్రాల నుంచి దూరం నుంచే తొలగించింది. వాటిని అక్కడ అమ్మకానికి పెట్టినవారికి ఆ హక్కు లేకపోవడం కారణం. డబ్బు తిరిగి ఇచ్చింది, తరువాత క్షమాపణ కూడా చెప్పింది. కాని పుస్తకం మాయమైన సంగతి నిజం. సినిమాలలో ‘అల్ట్రావయొలెట్’ సంగతి చూడండి. వేర్వేరు దుకాణాలలో కొన్న సినిమాలన్నిటినీ ఒకే పట్టికలో చూపే ఏర్పాటుగా అది 2011లో మొదలైంది. 2019 జూలై 31న మూతపడింది. పట్టికనే పరాయివారికి అప్పగిస్తే, వారు వెళ్ళిపోయినప్పుడు పట్టికా వెళ్ళిపోతుంది. అందుకే మన పట్టిక మన దగ్గరే ఉండాలి.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమలులోకి వచ్చింది. ఇలాంటి సరుకును అమ్మేవారు “కొనండి” అని రాసేటప్పుడు, అది అనుమతి మాత్రమేనని కొనుగోలుదారుకు స్పష్టంగా చెప్పాలి.

ఎంత చోటు కావాలి?

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. ఒక వీడియో సెకనుకు 50 లక్షల బిట్లు, అంటే 5 మెగాబిట్లు తీసుకుంటుందనుకోండి. రెండు గంటలకు 7200 సెకన్లు. మొత్తం 36,000 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఇది 4,500 మెగాబైట్లు, అంటే 4.5 గిగాబైట్లు. మామూలు డీవీడీ ఒక పొరలో 4.7 గిగాబైట్లు పడతాయి. ఒక సినిమా దాదాపుగా నిండిపోతుందన్నమాట.

మరి పట్టికకు? ఒక కార్డులో 500 అక్షర చిహ్నాలున్నాయనుకోండి. కంప్యూటరులో సాధారణంగా వాడే పద్ధతిలో ఒక్కొక్క తెలుగు చిహ్నానికి 3 బైట్లు కావాలి. కార్డుకు 1,500 బైట్లు. వెయ్యి కార్డులకు 15 లక్షల బైట్లు, అంటే ఒకటిన్నర మెగాబైటు. పై సినిమాలో ఇది దాదాపు రెండున్నర సెకన్ల బొమ్మతో సమానం! వెయ్యి సినిమాల ఆనవాలును ఇంత చిన్న చోటులో దాచుకోవచ్చు. కనుక పట్టికకు నాలుగు నకళ్ళు తీసినా బరువేమీ లేదు.

తుపాను వస్తే?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఇళ్ళలోకి నీరు వస్తే బీరువాలోని వస్తువుల గతి ఏమిటో ఉత్తరాంధ్ర వారికి వేరే చెప్పనక్కరలేదు.

తుపాను రాకపోయినా కాలం తన పని తాను చేస్తూనే ఉంటుంది. వీడియో కేసెట్టులోని టేపు ఒక పలచని ప్లాస్టిక్ పట్టీ. దానిమీద అయస్కాంత గుణం గల పొడిని జిగురుతో అంటించి ఉంటారు. సముద్రతీరపు గాలిలో తేమ ఎక్కువ. ఆ తేమకు జిగురు మెత్తబడుతుంది, బూజు పడుతుంది. టేపు బాగున్నా దానిని ఆడించే యంత్రం దొరకాలి. జపానులో ఆ యంత్రాలను చివరివరకు తయారుచేసిన ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో తయారీ ఆపివేసింది. ఇంట్లో రాసుకునే డిస్కులలోని రంగు పొర ఎండకు, వేడికి చెడిపోతుంది. హార్డ్ డిస్కులో తిరిగే భాగాలు ఏదో ఒకనాడు ఆగిపోతాయి.

దీనికి విరుగుడు ఒక్కటే: ఒకటికంటె ఎక్కువ ప్రతులు. మొత్తం మూడు ప్రతులుండాలి. అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి. ఒక ప్రతి వేరే ఊళ్ళో ఉండాలి. విజయనగరంలోని ఇంటి వీడియోలకు ఒక ప్రతి హైదరాబాదులోని అత్తయ్య ఇంట్లో ఉంటే, ఒకే తుపాను రెంటినీ ముంచలేదు. భారతదేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ 1931లో విడుదలైంది. ఇప్పుడు దాని ప్రతి ఒక్కటి కూడా లభించడం లేదు. అంత పేరున్న సినిమాకే ఆ గతి పట్టింది.

ఈ సలహా మీ కుటుంబం తీసుకున్న వీడియోలకు వర్తిస్తుంది. అమ్మకానికి వచ్చిన సినిమాలకు హక్కుదారులుంటారు. వాటిని నకలు తీసి పంచిపెట్టడం చట్టం ఒప్పుకోదు.

మీరు చేసి చూడండి

1. ఇంట్లో ఉన్న డిస్కులు, కేసెట్లు, పెన్ డ్రైవులన్నిటినీ ఒకచోట చేర్చండి. వేటినీ పారవేయకండి.

2. ఇంటివారిని అడిగి, ఎవరి ఫోనులో ఏ సర్వీసు ఉందో, ఎవరు ఏ సినిమా కొన్నారో రాసుకోండి.

3. రోజుకు పది చొప్పున కార్డులు రాయండి. నెల తిరిగేసరికి మూడు వందలవుతాయి.

4. అకారాది క్రమంలో పెట్టండి. మధ్య కార్డు పద్ధతిలో ఒక పేరు వెదికి, ఎన్ని కార్డులు చూశారో లెక్కపెట్టండి.

5. ఏటా సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు పెన్సిలు వివరాలను సరిచూడండి. ప్రతి ఇంటి వీడియోనూ కాసేపు ఆడించి చూడండి.

ఆలోచించండి: నాలుగు వేల కార్డులుంటే ఎక్కువలో ఎక్కువ ఎన్ని చూడాలి? 1000 గిగాబైట్ల డిస్కులో 4.5 గిగాబైట్ల సినిమాలు ఎన్ని పడతాయి? (జవాబులు: 12, 222.)

ఇక మనం మొదలుపెట్టిన ఇంటికి వద్దాం. ఆ పిల్లలు పట్టిక రాయడానికి కూర్చుంటే మొదటి కార్డు దేనికి రాయాలి? మాయాబజార్‌కు కాదు. అది ఈ సర్వీసులో కాకపోతే మరో సర్వీసులో దొరుకుతుంది. అటక మీద, పాత ట్రంకు పెట్టెలో, చీరల అడుగున వెదికి ముందుగా పెళ్ళి కేసెట్టు బయటికి తీయాలి. బూజు ఉంటే ఆడించకుండా, తెలిసినవారికి ఇచ్చి శుభ్రం చేయించి నకలు తీయించాలి. తాతగారి గొంతు ఏ దుకాణంలోనూ అమ్మరు. ఒకటవ నంబరు దానిదే.